ఉత్తరం కిటికీల కాలేజీ

మా మేనకోడలు మౌనిక ఆర్కిటెక్చర్ చదివిన కాలేజీని ముందుగా నేనే వెళ్లి చూసి, భేషుగ్గా ఉందని చెప్పానని మా చుట్టాలందరికీ తెలుసు. నేను ఆ కాలేజీని చూడలేదన్న సంగతి మాత్రం చాలా ఏళ్లు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చూడలేదంటే గేటు బయటి నుంచి తొంగిచూసి వచ్చానని కాదు. ఆ ఊరే చూడలేదు. ఆ ఊరికి పోయే రైలే ఎక్కలేదు. నేను చూసింది భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాలు. తేడా చిన్నదే అనిపిస్తుంది. దాని వల్ల ఎంత పెద్ద ఉపద్రవం వచ్చిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులు. జనగామ బస్టాండు దగ్గర చిన్న గదిలో కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ణి. నేను చదివింది ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు. బోర్డు మీద మాత్రం ‘సుధాకర్, ఇంజనీర్’ అని ఉండేది. పెయింటరు ముచ్చటపడి రాశాడు, నేను మొహమాటపడి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటతో మా అక్క సరోజన దృష్టిలో దేశంలో ఏ వంతెన కట్టినా నన్ను అడిగే కడుతున్నారు.

అక్కావాళ్లది మహబూబాబాద్. మేము మానుకోట అంటాం. బావకు అక్కడ విత్తనాల దుకాణం. మౌనికకు ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చేలా ఉంది. ఒకటి హైదరాబాద్‌లో, ఇంకొకటి సముద్రం ఒడ్డున కోస్తాలో. ఏది కోరుకోవాలో కౌన్సెలింగ్ రోజున తేల్చి చెప్పాలి. ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. పంచాయితీకి పెద్దమనిషిని నేను. మేనమామను కదా, పైగా ఇంజనీర్ని.

"హైదరాబాద్ దగ్గరనే గానీ, దినాం బందే నాయె. పిల్ల ఎప్పుడు చదవాలె?" అన్నాడు బావ.

"కోస్తాకు తోలితే మన మాట ఇని నవ్వుతరు. సినిమాలల్ల చూస్తలేమా?" అంది అక్క.

"నవ్వితే నవ్వనీ అమ్మా," అంది మౌనిక. "బొమ్మలు గీసే హాలు ఎట్లుంటదో గది చెప్పుండ్రి. ఐదేండ్లు అండ్లనే కూసోవాలె నేను. కిటికీలు ఉత్తరం దిక్కుంటే కాయితం మీద ఎండ పడది, వెలుతురు సక్కగుంటది. హైదరాబాద్ది నేను, నాయిన చూసినం. బిల్డింగు పాతదే గానీ హాలు బాగుంది. రెండోది ఎవలు చూడాలె?"

అందరూ నా వైపు చూశారు. నేను మీసం సవరించుకున్నాను. అప్పట్లో అది ఉండేది.

"నేను చూసొస్త బిడ్డా. రైళ్లు బందైనా సరే, నేను మాత్రం పోత," అన్నాను.

ఆ రెండో వాక్యం అవసరం లేదు. నా జీవితంలో తిప్పలన్నీ ఇలాంటి రెండో వాక్యాల వల్లే వచ్చాయి.

అన్నట్టుగానే రైళ్లు బందయ్యాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో రెండు జతల బట్టలూ, హాలు కొలవడానికి టేపూ పెట్టుకుని జనగామ స్టేషనుకు వెళితే, పట్టాల మధ్య మూడు రాళ్ల పొయ్యి మండుతోంది. పొయ్యి మీద ఏనుగు స్నానం చేయగలిగినంత గంజు. వంటావార్పు! ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదో, పట్టాల మీదో వండుకుని, అక్కడే తిని, ఎవర్నీ కదలనివ్వకుండా కూర్చోవడం. బగారన్నం వాసనకు నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

మా వీధి టీకొట్టు యాదగిరన్న గంటె పట్టుకుని నన్ను చూశాడు. "ఎటు బోతున్నవే సుధాకరన్నా, సంచి సర్దుకొని?"

చుట్టూ వందల మంది జై తెలంగాణ అంటుంటే, కోస్తా కాలేజీ చూడటానికి పోతున్నానని ఏ నోటితో చెప్పను?

"యాడికి బోత? గిటే వచ్చిన."

"మరి సంచేంది?"

"బట్టలు," అన్నాను. అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "పోలీసులు లోపలేస్తే మార్చుకోవాలె గదా."

యాదగిరన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కావచ్చు. "ఇనుండ్రి! మన సుధాకరన్న జైలుకు తయారై బట్టలతోని వచ్చిండు! గిట్లుండాలె మనిషంటే!"

చప్పట్లు. ఈలలు. నా మెడలో బంతిపూల దండ పడింది. చేతిలోకి గంటె వచ్చింది. పెళ్లినాడు కూడా నన్నెవరూ అంత ప్రేమగా చూడలేదు. సాయంత్రం దాకా అన్నం కలుపుతూ, వడ్డిస్తూ, మధ్య మధ్యలో నేనూ తింటూ పోరాడాను.

చీకటి పడే వేళకు బావ ఫోను. "రైళ్లు లేవంట గదా బామ్మర్దీ, ఎట్ల మరి?"

‘లేవు బావా, పోలేదు’ అంటే అయిపోయేది. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ రైళ్లు బందైనా పోతానన్న మొనగాణ్ణి కదా!

"లారీ ఎక్కిన బావా. పోతున్న."

బావ ఫోను పక్కకు పెట్టకుండానే ఇంట్లోవాళ్లకు అరిచి చెప్పడం వినిపించింది. "చూసిన్రా! నా బామ్మర్ది లారీ ఎక్కిండు పిల్ల కోసం!"

ఇక జనగామలో ఉండటానికి లేదు. లారీలో ఉన్న మనిషి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ కనిపించకూడదు. ఎవరిదో బండి అడిగి తీసుకుని, అడ్డదారులన్నీ పట్టి, భూపాలపల్లిలో ఉన్న నా దోస్తు సాదిక్ దగ్గరికి పారిపోయాను. సాదిక్‌ది టెంట్‌హౌస్. పెళ్లిళ్లకు కుర్చీలు, బల్లలు, షామియానాలు పంపుతాడు. మర్నాడు అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. నన్నూ వెంట తీసుకుపోయాడు.

"అరే, ఎందుకు పరేషాన్ అయితున్నవ్ భాయ్? ఫోన్ చేసి పోలేదని చెప్పు. రైలు నువ్వు ఆపినవా?" అన్నాడు.

నిజానికి ఆపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ వివరం అతనికి చెప్పలేదు.

"లారీ ఎక్కిన అని చెప్పిన యార్. ఇజ్జత్ పోతది."

"లారీ దిగిన అని చెప్పు. దిగుడు కష్టమా?"

అంత తేలికైన ఉపాయం నా బుర్రకు ఎక్కలేదు. ఇంతలో ఫోను మోగింది. మౌనిక.

"మామా, కాలేజీకి పోయినవా? హాలు చూసినవా?"

నా ఎదురుగా హాలైతే ఉంది. నా కళ్లు దాన్ని చూస్తున్నాయి. నా నోరు, నన్ను అడగకుండా, దాన్నే వర్ణించడం మొదలుపెట్టింది.

"చూస్తున్న బిడ్డా. అబ్బ, ఏం హాలు! మీదంతస్తుల ఉన్నది. ఈ కొస నుంచి ఆ కొసకు కిటికీలే."

"ఏ దిక్కు?"

"ఉత్తరమే. ఇంకే దిక్కుంటయ్?"

"గీసేటందుకు బల్లలున్నయా?"

"పొడుగు బల్లలు, వరసగ. మీద తెల్లకాయితం పరిచి పెట్టిన్రు."

"కాయితం వాళ్లే ఇస్తరా! కుర్చీలో?"

"లెక్కలేనన్ని. అన్నిటికీ ఎర్రగుడ్డ తొడిగి, వెనకాల పువ్వు ముడి వేసిన్రు."

"కుర్చీలకు పువ్వు ముడి ఎందుకు మామా?"

"శుభ్రమైన మనుషులు బిడ్డా వాళ్లు."

"ఆ సన్నాయి ఏంది?"

"వార్షికోత్సవం నడుస్తున్నది."

"సముద్రం కనబడ్తదా?"

"కనబడది గానీ గాలి తెలుస్తున్నది," అన్నాను, కూలరు ముందు నిలబడి.

పక్క నుంచి అక్క గొంతు: "తిండి ఎట్లుందో అడుగు!"

"పూర్ణాలు పెట్టిన్రు అక్కా! రెండు రకాల స్వీట్లు, గుత్తొంకాయ…"

"దినాం పెడ్తరా?"

"ముహూర్తాలు ఉన్నప్పుడు…" అని నాలుక కరుచుకున్నాను. సాదిక్ కుర్చీ మీద కూలబడి, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. ఇంత పెద్ద గండం ఇంత సులువుగా గట్టెక్కినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే, ఆ మీసం పట్టుకుని లాగాలనిపిస్తుంది.

కౌన్సెలింగ్‌లో మౌనిక కోస్తా కాలేజీయే కోరుకుంది. "మామ చెప్పినంక ఇంకేం ఆలోచన?" అందట. బావ తీసుకెళ్లి హాస్టల్లో దింపాడు. మర్నాడు మళ్లీ రైల్‌రోకో ఉందని, పెట్టె గదిలో పెట్టీ పెట్టగానే వచ్చిన రైలు పట్టుకుని తిరిగి వచ్చేశాడు. కాలేజీ లోపలికి వెళ్లి చూసే తీరిక ఆయనకు లేకపోయింది. నా అదృష్టం అప్పటికింకా బాగానే ఉంది.

తరగతులు మొదలైన రోజున ఫోను వచ్చింది.

"మామా, ఉత్తరం కిటికీలేవి? మమ్మల్ని రేకుల షెడ్డుల కూసోపెట్టిన్రు. చెమట కారి గీసిన గీతంత చెదిరిపోతున్నది."

"కొత్తగ వచ్చినోళ్లకు గట్లనే ఇస్తరు బిడ్డా. పెద్ద హాలు పెద్ద క్లాసులకు."

"అడిగిన మామా. గసొంటి హాలే లేదంట ఈడ. మా సారును అడిగితే, ఆయన తోటమాలిని పిలిచి అడిగిండు. తోటమాలి నవ్విండు. ఇప్పుడు కాలేజీల అందరు నన్ను ‘ఉత్తరం కిటికీ’ అని పిలుస్తున్నరు."

"మరమ్మతుకు మూసిన్రు కావచ్చు," అన్నాను. ఒక ఫంక్షన్ హాలును కోస్తాకు తరలించి, అక్కడ మరమ్మతు కూడా చేయించిన ఇంజనీరును ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇక్కడి వరకూ మీరు నవ్వి ఉంటే నాకు సంతోషమే. ఆ తర్వాత జరిగింది చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను.

దసరా సెలవులకు మౌనిక మానుకోట వచ్చింది. నేనూ వెళ్లాను. పిల్ల సగమైంది. నాకు ఈ కాలేజీ వద్దు, వచ్చే ఏడు హైదరాబాద్‌లో మళ్లీ చేరుతానంది. షెడ్డు గురించి చెప్పింది. వేడి గురించి, వాన వస్తే కాగితాలు చంకన పెట్టుకుని పరుగెత్తడం గురించి చెప్పింది.

"షెడ్డెక్కడిదే?" అన్నాడు బావ. "మామ లారీల పోయి కండ్లార చూసొచ్చిండు. అసొంటి హాలు ఇంకోటి లేదన్నడు. ఇంటి మీద బెంగతోని ఏదో ఒకటి అంటున్నవ్."

"అబద్ధాలెప్పుడు నేర్చినవే?" అంది అక్క. "ఎంత మంచిగున్నా దీనికి వంకలే."

మౌనిక నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. నా చేతిలో చాయ్ ఉంది. దాన్ని ఊదుకుంటూ, "కొత్తల గట్లనే ఉంటది బిడ్డా. అలవాటైతది," అన్నాను.

సెలవులు అయ్యాక ఆమె తిరిగి వెళ్లింది. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఐదేళ్లూ ఆ రేకుల కిందే గీసి, మంచి మార్కులతో బయటికి వచ్చింది. ఇప్పుడు హన్మకొండలో సొంత ఆఫీసు నడుపుతోంది. కథ సుఖాంతమే కదా అంటారు. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ ఇంట్లో ‘వంకల మౌనిక’ అన్న పేరు అలాగే ఉండిపోయింది. కూర ఉప్పగా ఉందన్నా, జ్వరమన్నా, ఒక సంబంధం నచ్చలేదన్నా, "అది గట్లనే అంటది, బంగారం లాంటి కాలేజీకే వంక పెట్టింది" అనేవాళ్లు.

ఈమధ్య మా అమ్మాయి తానూ ఆర్కిటెక్చర్ చదువుతానంది. మళ్లీ రెండు కాలేజీలు, మళ్లీ పంచాయితీ. ఒక ఆదివారం మానుకోటలో అందరం అన్నాలకు కూర్చున్నాం. మౌనిక మా అమ్మాయికి చెబుతోంది: "రెండోదాంట్ల చేరకు మరదలా. నేను పోయి చూసిన. గీసే హాల్ల వెలుతురు లేదు."

అక్క మా అమ్మాయికి కూర వడ్డిస్తూ నవ్వింది. "దాని మాట పట్టుకోకు బిడ్డా. కాలేజీలకు వంకలు పెట్టుడు దానికి పుట్టుకతోని వచ్చింది. మీ నాయినను అడుగు, ఆయన చూసొచ్చి చెప్తడు."

మౌనిక కూడా నవ్వింది. అలవాటైన నవ్వు. పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాను.

"నేను పోలేదు," అన్నాను.

"ఏడికి?" అన్నాడు బావ.

"ఆ కాలేజీకి. లారీ లేదు, ఏం లేదు. భూపాలపల్లిల పెండ్లికి పోయిన. నేను చెప్పింది ఫంక్షన్ హాలు గురించి."

బావ లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు పైకి చూసి, "మరి పూర్ణాలో?" అన్నాడు.

"పెండ్లివి బావా."

మా అమ్మాయి ఫక్కున నవ్వింది. తర్వాత మౌనిక నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. అది నవ్వేనని గట్టిగా చెప్పలేను. అక్క మాత్రం నవ్వలేదు. గంటె కింద పెట్టి కూతురి పక్కకు వచ్చి కూర్చుంది. "నిజంగనే అంత ఉడుకుతుండెనా బిడ్డా ఆ షెడ్డుల?" అని అడిగింది.

మౌనిక చెప్పడం మొదలుపెట్టింది. అన్నాలు చల్లారిపోయాయి. ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు.

అంతా విన్నాక, కుడిచేయి పైకెత్తి, సాటి మేనమామలందరి తరఫునా నేనొక ప్రమాణం చేశాను. ఇకపై ఏ కట్టడం గురించైనా, దాని ద్వారబంధానికి నా నుదురు తగిలి బొప్పి కట్టనిదే నోరు విప్పను. కట్టినా ఒక్క వాక్యమే చెబుతాను, రెండో వాక్యం జోలికి పోను. బోర్డు మీది ‘ఇంజనీర్’ను చెరిపించేస్తాను.

"గివన్ని సరే గానీ మామా," అంది మౌనిక, "నాకేం చెప్పవా?"

ప్రమాణాలు చేసినంత సులువుగా ఆ మాట రాలేదు. అందరి ముందూ ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"షెడ్డున్నది బిడ్డా. నువ్వు చెప్పిందే నిజం, మొదటి నుంచీ. అబద్ధం నేనాడిన, పేరు నీకొచ్చింది. తప్పైంది. నన్ను మాఫ్ చెయ్యి."