ఒక్క చలికాలపు జట్టు

డబ్లిన్‌లో మేం నలుగురు అమ్మాయిలం అద్దెకుంటున్న ఇంట్లో ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా గుప్పుమనే తడి ఇనుము వాసన నన్ను చిన్నప్పుడు మేమున్న డండాక్ ఊళ్ళోని ఐస్ రింక్‌కి లాక్కుపోతుంది. బఠాణీల ప్యాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోతాను, తలుపు మూయమని ఎవరో ఒకరు కసిరేదాకా.

నాకు పదమూడేళ్ళప్పుడు మా ఊళ్ళో జీతాలిచ్చి ఆడించే ఐస్ హాకీ జట్టొకటి పుట్టింది. మందుల ఫ్యాక్టరీలో కూలింగ్ మిషన్లు చూసుకునే మా నాన్న, గుంటూరు ఎండల్లో పెరిగిన మనిషి, ఆ మంచు మీద మనసు పడి నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి రింక్‌లో చేరాడు. మేం ఈ దేశంలో ఉండటానికి ఆధారమైన పర్మిట్ కూడా జట్టు పేరు మీదికే మారింది. అమ్మకి అది అస్సలు నచ్చలేదు.

మొదటి మ్యాచ్ రోజున నాన్న, ఏ కొత్త మిషన్‌కైనా కొట్టినట్టే, గోల్ ముందు మంచు మీద కొబ్బరికాయ కొట్టాడు. మంచులో గుంట పడింది, నీళ్ళు అక్కడే గడ్డకట్టాయి, చిప్పలు తలో మూలకీ జారిపోయాయి. అంతంత లావు ప్యాడ్లు తొడుక్కున్న ఆటగాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ పెంకులు ఏరుతుంటే మ్యాచ్ కాస్తా ఆలస్యమైంది. లాత్వియా నుంచి వచ్చిన గోల్‌కీపర్ యానిస్ మాత్రం దొరికిన ముక్క దొరికినట్టు నమిలేశాడు. ఆ చలికాలమంతా శనివారం సాయంత్రాలు తడి గ్లవ్స్ కంపు, చిప్స్ మీద వెనిగర్ ఘాటు, చెక్కగోడకి మనుషులు దబ్బున తగిలే చప్పుడు, వీటన్నిటి మధ్యా మఫ్లర్ చుట్టుకుని పులిహోర పంచే మా అమ్మ.

చలికాలం పోతుండగా కోవిడ్ వచ్చి అన్నీ మూసేశారు. ఆటగాళ్ళు దొరికిన విమానం ఎక్కి ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయారు. జట్టు పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే మేం పెట్టెలు సర్దుకోవాలి. ఏ రోజైనా ఆటలకి అనుమతి రావచ్చని నాన్న ఒక్కడే రోజూ వెళ్ళి, ఎవరూ గీతైనా పెట్టని మంచు మీద మళ్ళీ పలచగా వేడినీళ్ళు పరిచి, అద్దంలా గడ్డకట్టించి వచ్చేవాడు.

"ఎవరి కోసవండీ ఆ మంచు?" అంది అమ్మ ఒకరోజు, చారు వడ్డిస్తూ.

"మ్యాచ్ పెడితే మంచుండాలి కదే," అన్నాడు నాన్న తలెత్తకుండా.

కరెంటు ఖర్చు భరించలేక జట్టు ఎత్తేస్తున్నానని యజమాని ఫోన్ చేసిన రోజున నాన్న నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. తన చేత్తోనే మిషన్ ఆపి, నాకు స్కేట్స్ ఇచ్చి ఆడుకోమన్నాడు. ఆ హోరు ఆగిపోయిన చోట నేను గుండ్రంగా తిరుగుతుంటే, ఆటగాళ్ళ బెంచీ మీద కూర్చుని మా నాన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను జారుకుంటూ వెళ్ళి బెంచీ ముందు ఆగాను. "ఇట్ విల్ బీ గ్రాండ్, నాన్నా," అన్నాను, అంతా సర్దుకుంటుందని ఇక్కడివాళ్ళు అనే మాట; నాకు తెలిసిన ధైర్యం మాట అదొక్కటే కాబట్టి. తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి మంచులో వేసిన ఎర్రగీతలు నీళ్ళలో కలిసి తేలుతున్నాయి.

ఇక వెళ్ళిపోవడమే అనుకుంటున్నప్పుడు వాటర్‌ఫోర్డ్‌లో ఓ ఫ్యాక్టరీ నాన్నని తీసుకుంది, మేం నిలిచాం. రింక్ ఇప్పుడు సోఫాల గోడౌన్. యానిస్ ఎక్కడున్నాడో తెలీదు; జట్టు పేరు చెబితే డండాక్‌లోనే చాలామందికి గుర్తు రాదు. మొన్న ఫోన్‌లో ఏవో మాటల మధ్య నాన్న, "ఇంకో వారం ఆగుంటే ఆటలకి పర్మిషనొచ్చేదేమో తల్లీ," అన్నాడు.

ఆ ఏడాదంతా పర్మిషన్ రానేలేదు.

"వచ్చేదే నాన్నా," అన్నాను.