తన జబ్బును దాచని ఆంజనేయులు సారు

గత ఆదివారం ఉదయం బెంగళూరు నుంచి ఆంజనేయులు సారు చెల్లెలు లక్ష్మీదేవి ఫోను చేసింది. "అన్న పోయినాడు సార్" అని పెట్టేసింది. పెనుకొండ ఉన్నత పాఠశాలలో తండ్రులకూ, ఆ తర్వాత వాళ్ల పిల్లలకూ తెలుగు చెప్పిన ఆంజనేయులు సారు బెంగళూరు ఆసుపత్రిలో అస్తమించారు. కాలేయం గట్టిపడిపోయిందని తెలిసినా, మృత్యువు ఇంత తొందరపడుతుందని నేను ఊహించలేదు.

హిందూపురం నుంచి రోజూ రైల్లో వచ్చే లెక్కల మాస్టరుగా ఆయనతో నాది సుదీర్ఘ సాహచర్యం. తరగతిలో ఆయనది వ్యాకరణశుద్ధమైన గంభీర భాష; గడప దాటితే అచ్చమైన సీమ యాస. తనిఖీకి వచ్చిన ఒక అధికారి, "పండితులు ఇలా మాట్లాడవచ్చా?" అని ఆక్షేపించారు. "ఆడ బాస నేర్పిస్తాండా సార్, ఈడ బతుకుతాండా" అన్నారు సారు. అధికారికీ నవ్వాగలేదు.

కొన్నేళ్ల క్రితం ఆయనకు కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరింది. మద్యం రుచే ఎరుగని మనిషి. అయినా టీ అంగడి దగ్గర, "సారు గుట్టుగా తాగుతాండాడేమోబ్బా" అన్న గుసగుస బయలుదేరింది. పరీక్షల్లో తేలింది హెపటైటిస్ బి. బహుశా పుట్టుకతోనే తల్లి నుంచి సంక్రమించి, దశాబ్దాలపాటు నిశ్శబ్దంగా కాలేయాన్ని క్షీణింపజేసింది. బయటికి చెప్పవద్దని బంధువులు బతిమాలారు. ఆయన తల్లిదండ్రుల సమావేశంలో లేచి నిలబడ్డారు.

"ఇది తాగుడుతో వచ్చింది కాదప్పా. తాగుడుతో వచ్చింటే కూడా చెప్పుకుందును. మీలో ఎవురికుండాదో మీకే తెలీదు. రక్తం చూపించుకోండి."

మరునాటి నుంచి కొందరు ఆయన చేతి మంచినీళ్లు ముట్టలేదు. నీళ్లతో అంటుకునే జబ్బు కాదది. ఆయన వాళ్ల జోలికి పోలేదు.

చెల్లెలు లక్ష్మీదేవిని మాత్రం వదలలేదు. ఆమె ఉండే ధర్మవరం వెళ్లి, వెంటబడి పరీక్ష చేయించారు. ఆమెలోనూ వైరస్ ఉంది, కాలేయం ఇంకా చెడలేదు. రోజూ వేసుకోవాల్సిన మాత్ర మొదలైంది. "నేను ఆలస్యమైతి. నువ్వు కాలేదు. అది చాలు లక్ష్మీ" అన్నారట.

ఈ మధ్య కాలేయానికి రక్తం చేర్చే పెద్ద నాళంలో గడ్డ కనిపించింది. రక్తాన్ని పలుచబరిచే మందిస్తే, ఈ జబ్బు వల్ల అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లవచ్చు. ఇవ్వకుంటే గడ్డ పెరగవచ్చు. ముందు ఆ నాళాలకు రబ్బరు బ్యాండ్లు వేసి, తర్వాత మందు ఇద్దామన్నారు వైద్యులు. "నా ఒళ్లు చెరువుకట్ట మాదిరుండాదప్పా. పారితే గండి, నిలిస్తే కుళ్లు" అన్నారు సారు నాతో.

పొట్టలో నీరున్నవారికి చిన్న జ్వరమైనా చిన్నది కాదనీ, వెంటనే రావాలనీ వైద్యులు హెచ్చరించే ఉన్నారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన రోజుల్లోనే ఆయన ఒళ్లు వెచ్చబడింది.

"ఆసుపత్రికి పోదాం పదండి సార్" అన్నాను.

"పిల్లోళ్లకు ఛందస్సు అయిపోనీప్పా. ఆ మార్కులు పోగొట్టుకుంటారు."

ఛందస్సు పూర్తికాలేదు. గణాలు చెబుతూ చెబుతూ ఆగిపోయి, నల్లబల్లను ఎన్నడూ చూడనట్టు చూశారట. ఒక విద్యార్థిని ఏడుస్తూ నా తరగతికి పరుగెత్తుకొచ్చింది. పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ సోకిందనీ, అందువల్లే మనసు మసకబారిందనీ తర్వాత తెలిసింది. బెంగళూరు చేరేసరికి మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. నాళాలకు బ్యాండ్లు వేసే అవకాశమే రాలేదు.

పెనుకొండ కొండ కింద, ఎర్రటి ఎండలో, ఆయన చితి చుట్టూ చేరిన శిష్యులెవరూ చాలాసేపు కదలలేదు. ఛందస్సు చెప్పడానికి మరొక పండితుడు వస్తాడు. తన వ్యాధిని నలుగురి ఎదుట పలికి, పరాయివాళ్ల ప్రాణాలకు కాపలా కాసిన మనిషి మళ్లీ దొరకడు. ఆ ధీరాత్మకు సహోద్యోగిగా శిరసు వంచుతున్నాను.

ఆసుపత్రిలో చివరిసారి స్పృహ వచ్చినప్పుడు ఆయన పెదవులు కదిలాయట. నీళ్లడుగుతున్నారేమోనని లక్ష్మీదేవి వంగింది.

"మాత్ర ఏసుకుంటివా?"

"ఏసుకుంటినన్నా" అంది ఆమె. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.