రెండు గుంతల బండ

దొరికింది! బండ దొరికింది, రెండు గుంతలతో సహా. గోదావరి ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయిన పాత ఊళ్ళో మా తాత ఇల్లు ఎక్కడుండేదో తెలిసిపోయింది. ఈ అరబ్బుల దేశంలో, జెబెల్ అలీలో మా గోడౌన్ ఆఫీసు మెట్ల మీద నిలబడి నేను పెట్టిన కేకకు కింద ఫోర్క్‌లిఫ్ట్ ఆగిపోయింది.

ఊరు ఖాళీ చేసినప్పుడు మా బాపుకు నాలుగేళ్ళు. మరుసటి ఏడు వాళ్ళమ్మ పోయింది. ఆమె గురించి ఆయనకు గుర్తున్నది ఒక్కటే: వాకిట్లో నేలలో కూరుకుపోయిన పెద్ద బండ, దానికి రెండు గుంతలు, ఒక గుంత దగ్గర కూర్చుని అమ్మ పసుపు దంచుతోంది. దానికీ ఆయన అన్న, మా పెద్దబాపు ఒప్పుకోడు. "నువ్వేం జూసినవ్‌రా? గప్పుడు లాగు తొడుక్కోరాదు నీకు. కలగన్నవ్," అంటాడు ప్రతి పెళ్ళిలో, అందరి ముందూ. బాపు నవ్వేస్తాడు గానీ ఆ పూట సరిగ్గా తినడు.

ఈ ఎండాకాలం నీళ్ళు బాగా దిగి పాత ఊరు బయటపడింది. తలుపులూ దూలాలూ ఆనాడే బండ్లకెత్తుకుపోయారు. నేలలోని బండనెవరు మోస్తారు? ఉంటే అక్కడే ఉండాలి. కానీ ఎగువన వానలు మొదలయ్యాయి. ఇక రోజుల్లోనే మునుగుతుంది. ఇన్‌వాయిస్‌లు కొడుతూ కొడుతూ మధ్యలో వానల వార్తలే చూసేదాన్ని.

బాపు చెప్పిన ఆనవాలు: బొడ్రాయి నుంచి తూర్పుకు మూడో ఇల్లు. బొడ్రాయంటే ఊరి నడిబొడ్డున పాతి మొక్కే రాయి. నాకు తెలిసిన బొడ్రాయి ఒక్కటే. మ్యాపులో దాని మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి తూర్పుకు ప్రాజెక్టులోకి గీత గీసి, ప్రాజెక్టులో చేపలు పట్టే మామకు పంపాను. మామంటే బాపుకు మేనబావ. పాపం, మూడు రోజులు ఎండిన బురదలో నా గీత మీద నడిచాడు. ఏమీ లేదు.

ఈ రోజు మధ్యాహ్నం ముసఫ్ఫాలో బాపు పనిచేసే సైటులో ఎండ విరామం ఇవ్వగానే ఆయనను కూడా వీడియో కాల్‌లో కలిపాను. మ్యాపు సంగతి విని ఆయన తల పట్టుకున్నాడు.

"బిడ్డా, అది కొత్తూరి బొడ్రాయి! ఊరు లేస్తే బొడ్రాయి లేస్తదా? పాతది ఆడనే ఉంటది, కొత్తూరికి కొత్తది పాతిన్రు."

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మామ వదులుతాడా?

"డిగ్రీ సదివిన బిడ్డ గదా అని నడిచిన. నా కాళ్ళకు పట్టా ఇయ్యమను బామ్మర్ది!"

"నడువు బావా, పొట్టన్న తగ్గుతది. ఆడ నిలువురాయి ఏమన్న కనవడుతుందా?"

మామ నవ్వు ఆగింది. "ఒకటుంది. పోయినేడు నా వల దానికే తట్టుకొని సినిగింది. తిట్టని తిట్టు లేదు."

"బొడ్రాయిని తిట్టినవా!"

మామ చెంపలేసుకుంటూనే పరుగెత్తాడు. ఫోన్‌లో ఆకాశం, బురద, ఆయన చెప్పులు. రాయి దగ్గర ఆగి, తూర్పుకు తిరిగి, పునాది రాళ్ళు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడో దాని ముందు మట్టిలో వెడల్పాటి బండ. ఒక గుంత కనిపించింది. ఒక్కటే.

నేను గోళ్ళు కొరుకుతున్నాను. మామ కూర్చుని పక్కనున్న ఒండ్రు చేత్తో తోడాడు. మోచేతి దాకా దిగింది చెయ్యి.

"ఇంకోటుంది బామ్మర్ది! ఇది బాగ లోతు."

"లోతుది పొద్దు పొడిచే దిక్కుందా?"

"ఆ, గా దిక్కే."

"అమ్మ ఆడనే కూసునేది," అన్నాడు బాపు. ఇంకేదో అనబోయాడు. వెనక ఎవరో "యల్లా, యల్లా" అని పనికి తొందరపెడుతూ అరిచారు. విరామం ఖలాస్. కాల్ తెగిపోయింది.

నేనింకా సీట్లో కూర్చోలేదు. ఫోన్లు చెయ్యాలి. అమ్మకు, బిజీ వస్తోంది, మామే ముందు కొట్టినట్టున్నాడు. హాస్టల్లో తమ్ముడికి. ఇక్కడే రువైస్‌లో పనిచేసే చిన్నమ్మ కొడుకుకు, డ్యూటీలో ఫోన్ ఉండదు, సాయంత్రం. మామకు మళ్ళీ, నీళ్ళు రాకముందే ఆ బండ మీద ఇంత పసుపు పెట్టమని.

పెద్దబాపుకు నేను చెయ్యను. అది డ్యూటీ దిగాక బాపు చేస్తాడు.