గుండు కొట్టిన పచ్చిక

మా ఆయన నలభై ఏళ్ళు ఊళ్ళో జనం తలలు చక్కబెట్టారు. ఆయన తల మాత్రం ఎవరి మాటా వినేది కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే మూడే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఆయన క్షౌరశాలలో రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, అద్దం కింద వరసగా దువ్వెనలు ఉండేవి. వీధిలో అందరూ ఆయన్ని కత్తెరాయన అనేవాళ్ళు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, "ఎలా కొట్టమంటారు?" అని మర్యాదగా అడిగేవారు. వాళ్ళు ఏదో చెప్పేవాళ్ళు. ఈయన అంతా విని తనకు తోచినట్టే కొట్టేవారు. విచిత్రం ఏమిటంటే, అందరూ అద్దంలో చూసుకుని మురిసిపోయి వెళ్ళేవాళ్ళు.

మూడేళ్ళ క్రితం కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు కింద సాసరు గలగలమనేది. డాక్టరు మందులిచ్చి, కత్తి జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాడు. ఈయన వింటారా? ఒకరోజు ఎవరికో చెవి దగ్గర గీసుకుని రక్తం బొట్టు వచ్చింది. ఆ పెద్దమనిషి "పరవాలేదులే" అని లేచి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఈయన తట్టుకునేవారేమో, ఆ పరవాలేదులే అన్నదానికి తట్టుకోలేకపోయారు. సాయంత్రం కుర్చీలు తుడిచి, తెల్లకోటు మడిచి చంకలో పెట్టుకుని, షట్టరు తన చేత్తోనే దించేసి ఇంటికి వచ్చారు. ఆయన ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఇక మిగిలింది ఇంటి ముందు పచ్చిక. గేటుకూ వరండాకూ మధ్య పది అడుగులు వేస్తే అయిపోయేంత చోటు. మా అబ్బాయి నడక నేర్చుకునే రోజుల్లో పడితే దెబ్బ తగలకూడదని వేసింది, వాడికిప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద కూర్చుని, పెద్ద కత్తెరతో నేలకు ఆనించి బల్లపరుపుగా కత్తిరించేవారు. షాపు మూశాక అది వారంలో రెండుసార్లయింది. "దీనికింత తరచుగా ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను. "నా చెయ్యి వణికినా ఇదొక్కటే అరవదే" అన్నారు.

అయితే పచ్చిక కూడా ముసలిదైపోయింది. అక్కడక్కడా పల్చబడింది. పల్చబడ్డ చోటల్లా తుంగ దూరింది. నీళ్ళు పోస్తే ఇంకకుండా పైనే నిలబడేవి. ఆ సమయంలోనే మా అబ్బాయి కారు కొన్నాడు.

"నాన్నా, అందులో ఉన్నదంతా తుంగే. టైల్స్ వేయించేస్తే కారు లోపల పెట్టుకోవచ్చు" అన్నాడు.

నిజం చెప్పాలి కదా, నేను వాడి వైపే మాట్లాడాను. ఇరవై మూడేళ్ళు వరండాలో మట్టి ఊడ్చిన నడుం నాది. మా ఆయన ఇద్దరినీ చూసి, "పల్చబడితే ఏం చెయ్యాలో నాకు తెలీదా? నాకే చెబుతారా?" అన్నారు.

మండుటెండలు. గొడుగు లేకుండా గేటు దాకా వెళితే కళ్ళు తిరిగే రోజులు. సరిగ్గా ఆ రోజుల్లో ఈయన పెద్ద కత్తెరకు సాన పట్టించారు.

"ఏం చేస్తున్నారండీ?"

"గుండు కొడుతున్నా."

"ఎవరికి?"

"దీనికే. జుట్టు పల్చబడితే ఏం చేస్తాం? గుండు కొడతాం. మళ్ళీ ఒత్తుగా వస్తుంది. ఎన్ని తలలకు చెప్పలేదు నేను!"

"ఈ ఎండలోనా? మాడి మసైపోతుందండీ!"

"నలభై ఏళ్ళ అనుభవం నాదా, నీదా?"

నెత్తీ నోరూ బాదుకున్నాను. చెవిన పెడితేనా! మూడు గంటల్లో మొదలంటా గీకేశారు. చివర్లో షాపులో మెడ మీద వెంట్రుకలు ఊదినట్టు నేల మీద ఉఫ్ ఉఫ్ అని ఊది, అరచేత్తో నిమిరి, "చూడు, నెల తిరిగేసరికి ఎలా వస్తుందో" అన్నారు.

నెల తిరిగింది. వచ్చింది దుమ్ము. కత్తెర దూరని చోట, అంటే గోడ వారన, కుళాయి చుట్టూ మాత్రం సన్నగా పచ్చదనం మిగిలింది. నడినెత్తి నున్నగా, చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు! అచ్చం బట్టతలే. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వకపోవడం చూసి ఆపేశాను.

మా అబ్బాయి టైల్స్ మేస్త్రీని తీసుకొచ్చాడు. అతను టేపు పట్టి కొలిచి, చేతిలో వేరే పని ఉందనీ, మూడు నెలలకు వానలు తగ్గాక వస్తాననీ చెప్పాడు. మా అబ్బాయి తండ్రి దగ్గర కూర్చుని నెమ్మదిగానే అన్నాడు. "అప్పటికి గడ్డి వస్తే సరే నాన్నా, కారు వీధిలోనే ఉంటుంది. రాకపోతే మాత్రం నువ్వింక అడ్డు చెప్పకూడదు."

ఈయన తలూపారు. తర్వాత చాలాసేపు వరండా మెట్టు మీద కూర్చున్నారు, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని. వణుకు ఎవరికీ కనపడకూడదని. అది చూశాకే నాకు అర్థమైంది. ఆ సిమెంటు పడితే ఈయనకు ఈ లోకంలో కత్తిరించడానికి ఇంకేమీ ఉండదు. అంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు చూడండి, నన్నేమనాలి!

మర్నాడు పొద్దున్నే పార్కుకు వెళ్ళి అక్కడి తోటమాలిని పిలుచుకొచ్చాను. ముప్పై ఏళ్ళుగా ఆ పార్కులో గడ్డి పెంచిన మనిషి, నన్ను వదినా అంటుంది. వచ్చీ రాగానే చెప్పులు విడిచి పచ్చికంతా తిరిగింది. సంచిలోంచి ఒక స్క్రూడ్రైవరు తీసి నేలలో గుచ్చితే అంగుళం దిగలేదు. కుళాయి పక్కన మిగిలిన గడ్డిని పట్టి లాగి చూసింది, గట్టిగానే ఉంది. మధ్యలో ఎండిన చోట లాగితే ఇంత పెచ్చు విగ్గులా ఊడి చేతికొచ్చింది.

"ఎవరు కోశారు దీన్ని?"

నేను ఆకాశం వైపు చూశాను. "నేనే" అన్నారు ఈయన ఛాతీ విరుచుకుని. "గుండు కొట్టాను. ఒత్తుగా రావాలని."

ఆవిడ నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని అప్పుడు అంది. "అన్నయ్యా, జుట్టు తిండి తినదు. గడ్డి ఆకుతోనే తింటుంది. నువ్వు కోసింది దాని జుట్టు కాదు, నోరు. ఇన్నేళ్ళూ వారం వారం నోరు కోస్తూనే ఉన్నావు. పైన ఎంత ఉంటే కింద వేరు అంత. పైన నువ్వు ఉంచిందెంత?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! ఈయన ముఖం ఎర్రబడింది. విసవిసా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. రెండు రోజులు నాతోనూ మాటల్లేవు. మూడోరోజు పొద్దున ధన్ ధన్‌మని చప్పుడైతే ఉలిక్కిపడి బయటికొచ్చాను. మా ఆయన గునపంతో నేల తవ్వుతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకోనివాళ్ళ కంటే నయం కదా. నేనూ పార తీసుకున్నాను.

తుంగ అంత మొండిది ఇంకోటి లేదు. పైన పీకితే కింద గడ్డ నవ్వుకుంటూ కూర్చుంటుంది. ఇద్దరం మట్టిని జల్లెడ పట్టి ఒక్కో గడ్డా ఏరాం. ఇసుకా, మాగిన పశువుల ఎరువూ కలిపాం. పొడుగాటి చెక్కతో చదును చేశాం. ఇక నాటడానికి గడ్డి కావాలి.

"గడ్డి చాపలు దొరుకుతాయి నాన్నా, తెచ్చి పరిచేస్తే ఒక్కరోజులో పచ్చగా అయిపోతుంది" అన్నాడు మా అబ్బాయి. పాపం, వాడికి మాత్రం తండ్రి ఓడిపోవాలని ఉంటుందా?

"విగ్గా? నా షాపులోనే ఎవరికీ విగ్గు పెట్టలేదు, నా ఇంటికి పెట్టుకుంటానా?" అని గోడ వారకు వెళ్ళి వంగి చూశారు. చూసి చూసి, "ఏమే, బట్టతల వాళ్ళకి నేనేం చేసేవాణ్ణి? చెవుల పక్కనున్న దాన్నే పైకి తెచ్చేవాణ్ణి కదా! ఇక్కడున్నదే అక్కడికి తెద్దాం" అన్నారు. తోటమాలికి చెబితే, "ఇదీ తెలివంటే! గుప్పెడు గడ్డి విడదీస్తే వంద పిలకలు" అంది.

అలా మొదలైంది. నేను పిలకలు విడదీసి తడిగుడ్డలో చుట్టి అందించేదాన్ని. ఆయన షాపు దువ్వెన నేలకు ఆనించి ఎడం కొలుచుకుని, పుల్లతో గుంట చేసి, పిలక పెట్టి, బొటనవేలితో నొక్కేవారు. మొదటిరోజు చెయ్యి వణికి గుంటలు వెడల్పవుతున్నాయని విసుక్కున్నారు. అది చూసి తోటమాలి, "ఆగు అన్నయ్యా, విసుక్కోకు. పార్కులో మావాళ్ళు సన్న గుంట పొడిచి వేరును మడతబెట్టేస్తారు. నీ చెయ్యి మట్టిని వదులు చేసి వేరుకు చోటిస్తోంది. ఈ పనికి ఇదే అసలైన చెయ్యి" అంది. ఆయన చేతిని తిప్పి చూసుకుని మళ్ళీ నాటడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం భోజనానికి నాలుగుసార్లు పిలవాల్సి వచ్చింది.

వీధిలో పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి, "కత్తెరాయన నేలకు జుట్టు నాటుతున్నాడ్రోయ్" అని నవ్వేవాళ్ళు. నవ్విన నాపచేనే పండుతుందని నేనూ లోపలి నుంచి గట్టిగానే అనేదాన్ని.

పదో రోజుకు చిన్న పచ్చటి కొసలు కనపడ్డాయి. తొలివాన అదేపనిగా కురిసి గేటు వైపు మూలంతా కొట్టుకుపోయింది. ఈయన తిట్టుకుంటూ, బురదలో కూర్చుని, మళ్ళీ నాటారు. రెండో నెలకు పిలకలు తీగలు సాగి ఒకదానికొకటి చేతులందించుకున్నాయి. అక్కణ్ణుంచి అసలు కష్టం మొదలైంది. గడ్డిది కాదు, ఈయనది. బొటనవేలంత ఎత్తు వచ్చేదాకా కత్తెర పెట్టొద్దని తోటమాలి ఆజ్ఞ. ఈయన గాలిలో కత్తెర టిక్కుటిక్కుమనిపిస్తూ వరండాలో తిరిగేవారు. నేను దాన్ని బీరువాలో చీరల కింద దాచేశాను. ఎలా పసిగట్టారో, వెతికి పట్టుకొచ్చారు.

"ఒక్క మూలే! ఊరికే కొసలు ట్రిమ్మింగ్ చేస్తానే."

"దాని నోరు కోస్తారా?"

దాన్ని తీసుకెళ్ళి చీరల కిందే పెట్టేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నా మాట విన్న మొదటిసారి అదే. రాసిపెట్టుకోదగ్గ రోజు.

తొలి కోతకు తోటమాలి తోసుకుంటూ వెళ్ళే మిషను తెచ్చి, బ్లేడు పైకి బిగించి, పొడుగులో మూడో వంతుకు మించి తియ్యకూడదంది. ఆయన ఒక్కో అడుగూ లెక్కగా వేసుకుంటూ కోశారు. పచ్చివాసన ఇల్లంతా నిండింది.

ఆ వారంలోనే మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. గేటు తీసి ఆగిపోయాడు. చెప్పులు విడిచి లోపలికి నాలుగడుగులు వేసి, వంగి, వేలు గుచ్చితే నేలలోకి మెత్తగా దిగింది.

"బాబాయ్, దీని మీద సిమెంటు పొయ్యడానికి నాకు చేతులు రావు" అన్నాడు.

మా అబ్బాయి వరండాలో నిలబడి ఉన్నాడు. కారు తాళాలు జేబులో వేసుకుని, బూట్లు విప్పి, గడ్డి మీదికి దిగి వెల్లకిలా పడుకున్నాడు, ఇంత లావు మనిషి! "నువ్వే గెలిచావు నాన్నా" అన్నాడు. ఆయన మాత్రం, "ఏదో, వాన సాయం చేసింది" అన్నారు. అబ్బో, వినయం! నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మేస్త్రీ అక్కడితో ఆగలేదు. "పక్క వీధిలో నేను పనిచేసే ఇంటి ముందు కూడా పచ్చిక చచ్చిపోతోంది బాబాయ్. ఆ అమ్మగారు తెగ బాధపడుతున్నారు. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు.

ఈయన లోపలికి వెళ్ళారు. ఎంతకీ రారేమా అనుకుంటుంటే తెల్లకోటు తొడుక్కుని వచ్చారు, జేబులో దువ్వెన. రెండేళ్ళుగా మడత విప్పని కోటు! నేను పుల్లలూ తడిగుడ్డా పట్టుకుని వెనకాలే బయల్దేరాను.

ఆ ఇంటావిడ గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఈయన పచ్చికను చూసి మర్యాదగా అడిగారు. "ఎప్పుడు కోయించారమ్మా?"

"మొన్న ఎండల్లోనండీ. పల్చబడిందని మొదలంటా గీకించేశాం. ఒత్తుగా వస్తుందని ఎవరో చెప్పారు."

నేను చేత్తో నోరు మూసుకున్నాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూసి, ఆవిడతో, "గడ్డి జుట్టు కాదమ్మా. మీరు కోయించింది దాని నోరు. ఏం పరవాలేదు, బతికిద్దాం" అన్నారు, అది పుట్టుకతోనే తెలిసినట్టు! నేల మీద చతికిలబడి, నా వైపు కుడిచెయ్యి చాపి, "పుల్ల ఇలా ఇవ్వు" అన్నారు. ఆవిడా, మేస్త్రీ, గేటు బయట ఆగినవాళ్ళూ అందరూ చూస్తున్నారు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని అలాగే చాపి ఉంచారు.