తెగిన లైను పరిధిలోకి రాదు

మా ఆయన మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరి నుంచి ఊరికి కాల్స్ కలిపే ట్రంకు బోర్డు ముందు కూర్చునేదాన్ని. ఎనభైల నాటి మాట. పెళ్లయిన కొత్తలో మా కాపురమంతా ఒక్క మాట మీద నడిచింది. షిఫ్టు అయిపోయి పైకి రాగానే బాయి ఆఫీసు ఫోన్ నుంచి "పైకొచ్చిన" అనేవాడు. అంతే. ఆ మాట చెవిన పడేదాకా నాకు ముద్ద దిగేది కాదు. వానలు పడితే గోదావరి అవతల లైను తెగేది, నా టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చేది.

చుట్టుదారిలో కలపొచ్చు కదా అంటారు. నేనూ అట్లాగే అనుకొని ఓ రోజు ఆదిలాబాద్ ఎక్స్ఛేంజిని పట్టుకుని మందమర్రి ఇయ్యమన్నాను. "ఉండక్కా, ఇప్పుడే కలుపుత" అన్నాడు అక్కడి ఆపరేటరు. మరుక్షణం నా పక్క బోర్డు మీద దీపం వెలిగింది. పక్క కుర్చీలో ఉన్నామె ప్లగ్గు పెట్టి "చెప్పండి, కరీంనగర్" అంది. ఆమె గొంతు నాకు ఒక చెవిలో నేరుగా, ఇంకో చెవిలో ఆదిలాబాద్ మీదుగా వినిపించింది. లైను తెగితే మందమర్రికి దారి ఆదిలాబాద్ అని మా నమ్మకం, కరీంనగర్ అని వాళ్ల నమ్మకం. మోచేతి దూరంలో ఉన్న మనిషిని పలకరించడానికి నేను రెండు జిల్లాలు తిరిగొచ్చాను.

ఇది పైవాళ్ల దాకా పోయి, ఏ ఊరి కాల్ ఏ దారిన పోవాలో రెండు జిల్లాలకూ ఒకటే పద్ధతి పెట్టమని ఒక కమిటీ వేశారు. మా పెద్ద ఇంజనీరు అధ్యక్షుడు. ఆదిలాబాద్ ఇంజనీరు సభ్యుడు. ఆపరేటర్ల తరఫున ఒకరుండాలని నన్నూ కూర్చోబెట్టారు. ఇక నా అన్నం వేడిగా తినొచ్చని నేను లోపల సంబరపడ్డాను.

మొదటి మీటింగులో ఉప్మా తిన్నాక అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "రూట్ల ముచ్చట తర్వాత. ముందు మన కమిటీ పరిధి ఏందో తేల్చుకుందాం."

తేల్చడం మొదలైంది. భైంసా పత్తి సేటు కాల్ ఏ దారిన పోవాలన్న దగ్గర ఆదిలాబాద్ ఇంజనీరు బల్ల గుద్దాడు. "మా జిల్లా కాల్ మా గడప తొక్కకుంట ఎట్ల పోతది? గట్ల నక్కో, నడువది!"

"పెద్దింట్ల చెప్పకుంట పెండ్లి జేస్తరా? ముందుగాల మా దగ్గరికి రావాలె" అన్నాడు మా అధ్యక్షుడు.

వాళ్లు మాట్లాడుతున్నది తీగల గురించి కాదు, పెండ్లి పిలుపుల గురించని అప్పుడర్థమైంది. ఎవరింట్లో ముందు బొట్టు పెట్టి పిలవాలి, ఎవరు అలుగుతారు! ప్రతి కాలూ తమ ఇంటి ముందునుంచే పోవాలని ఇద్దరికీ పట్టుదల. మీటింగు మీద మీటింగు గడిచింది, ఉప్మా పోయి మిర్చి బజ్జీ వచ్చింది, పరిధి మాత్రం రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నాకు ఒళ్లు మండింది. "సార్, లైను తెగితే ఎటు తిప్పాలె? గది రాయుండ్రి" అన్నాను.

"అమ్మా, తెగుడు లైన్‌మన్ల పని. మనది రూట్ల పని" అన్నాడు అధ్యక్షుడు.

"తెగని లైనుకు చుట్టుదారి ఎందుకు సార్?"

విచిత్రంగా, ఇద్దరు ఇంజనీర్లూ మొదటిసారి ఏకమయ్యారు. తెగిన లైను పరిధిలోకి వస్తే బాధ్యత కూడా వస్తుంది కదా! "మంచిగా పనిచేస్తున్న లైన్ల వరకు మాత్రమే" అని పరిధి రాసుకుని చేతులు కలుపుకున్నారు. రోగం లేనివాళ్లకే మందిచ్చే వైద్యుల్ని నేను ఆ రోజే చూశాను.

ఆ వానాకాలమే లైను తెగింది. తెల్లవారి డ్యూటీకి వచ్చేసరికి మందమర్రి బాయిలో కప్పు కూలిందని బజారంతా గుప్పుమంది. ఆదిలాబాద్‌ను అడిగితే మళ్లీ పక్క బోర్డు మీదే దీపం వెలిగింది. ఆ దీపాన్ని చూస్తే ఏడుపొచ్చింది. బోర్డు వదిలేసి రోడ్డు మీదకు ఉరికాను. సరిగ్గా అప్పుడే మందమర్రి బస్సు మా ఎక్స్ఛేంజి ముందు ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు.

"వదినె, అన్న చెప్పమన్నడు. మంచిగున్నడు. కూలింది బాయి కాదు, క్యాంటీన్ రేకులు!"

నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఆ తర్వాత ఇంత ఆలస్యంగా వస్తావా అని ఆ కండక్టరునే తిట్టాను. పాపం, నవ్వాడు. ఆనాటి నుంచి లైను తెగినప్పుడల్లా మా ఆయన క్షేమమైతే ఎక్స్ఛేంజి ముందు బస్సు రెండు హారన్లు కొట్టాలని ఒప్పందం. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అధ్యక్షుడు కూడా వెక్కిరించేవాడు.

మరుసటి వానాకాలం "పరిధి పునఃపరిశీలన" మీటింగు పెట్టారు. లైను తెగే ఉంది. నేను బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే, మీటింగు వదిలేసి అధ్యక్షుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, మా బిడ్డను నిన్న మంచిర్యాల దవాఖానకు తీస్కపోయిన్రు. కాన్పు నొప్పులట. మల్ల కబురు లేదు. మీ కండక్టరును బతిమాలి దవాఖానల అడిగి రమ్మన్న. మంచిగుంటె మీ హారన్ల తర్వాత ఇంకో రెండు కొడుతనన్నడు."

'తెగిన లైను మన పరిధిలోకి రాదు కద సార్.' ఏడాదిగా నాలుక చివర దాచుకున్న మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన చేతిలో గొడుగుంది, తెరవడం మరిచిపోయి తడుస్తున్నాడు. మింగేశాను.

"వస్తది సార్, ఫికర్ జెయ్యకుండ్రి. జర గిటు జరుగుండ్రి, తడుస్తున్నరు."

బస్సు మలుపు తిరిగింది. రెండు హారన్లు మోగాయి. అవి నావి. నాకు ఊపిరి వచ్చింది. ఆయనకు ఆగిపోయింది. బస్సు దగ్గరికొస్తోంది, చప్పుడు లేదు. ఆయన నా ముఖంలోకి చూశాడు.

అప్పుడు ఇంకో రెండు మోగాయి.

"గవి మీయి సార్" అన్నాను.