ఆంటీ అడిగే ప్రశ్న

అమెరికాలో మేముండే బెంటన్‌విల్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో పిల్లలందరికీ ఆవిడ ఆంటీ, నాకు అక్క. ఆట ముగిశాక, చూడ్డానికి వచ్చిన మేమంతా స్కోరు గురించి మాట్లాడుకుంటుంటే, ఆవిడ మాత్రం బంతి విసిరి అలసిపోయి వచ్చిన పిల్లాణ్ణి దగ్గరికి పిలిచేది. ఎవరి పిల్లాడైనా సరే, వాడి మోచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "నొప్పిగా ఉందా నాన్నా? నిజం చెప్పు" అనేది. పిల్లలు సిగ్గుపడి చెయ్యి లాక్కునేవాళ్లు.

మా అమ్మాయిని కూడా ఆటలో చేర్పించే ముందు, ఏ కోచ్ మంచివాడో, ఏ బ్యాట్ కొనాలో కనుక్కుందామని వాళ్లింటికి వెళ్లాం. భోంచేసి వెళ్లమంది. కాలేజీలో చదివే ఆవిడ పెద్దకొడుకు పప్పన్నం ఎడమచేత్తో కలుపుకుంటున్నాడు.

"ఆంటీ, అన్న లెఫ్ట్ హ్యాండ్‌తో ఎందుకు తింటున్నాడు?" అని మా అమ్మాయి అడిగేసింది. నేను దాని తొడ గిల్లాను.

ఆవిడ కొడుకు అన్నంలో నెయ్యి వేస్తూ, "కుడి మోచెయ్యి వంగదు తల్లీ" అంది. తరవాత నావైపు తిరిగింది.

"సర్జరీ చేయించినా అంతేనమ్మా. చిన్నప్పట్నించీ కోచ్‌లు గ్యాప్ లేకుండా వీడితోనే బంతులు వేయించారు, మేమూ మురిసిపోయాం. కార్ ఎక్కగానే 'గెలిచారా?' అని అడిగేదాన్ని. గెలిచామనేవాడు. నేను అడిగినదానికే కదా వాడు చెప్తాడు!"