మా ఆయన విప్పేసిన పాటల పెట్టె

మా ఆయన టొకుజీ రేడియోలు బాగుచేసే మనిషి. కోబేలో మా బార్‌కి రోజూ వచ్చి గిటార్ వాయించే అతను మంచం పట్టినప్పుడు, పాడతామని కస్టమర్లు గోల చేస్తుంటే, టేప్ రికార్డరూ మైకూ ఒక చెక్కపెట్టెలో బిగించి, నాణెం వేస్తేనే మోగేలా చేశారు. సంగీతం పెట్టెది, గొంతు తాగినవాళ్ళది. కరవోకే అనే పేరు మాకప్పుడు తెలీదు. పెట్టె అనేవాళ్ళం, అంతే.

"పేటెంట్ తీసుకోండి" అన్నాను.

"అన్నీ కొట్లో దొరికే సామానేగా. అతికించినందుకు పేటెంటేమిటే?" అని నవ్వారు.

తరవాత ఎవరెవరో తీసుకున్నారు. డబ్బు పోయిందని ఆయన ఏనాడూ ఏడవలేదు. అలాంటి పెట్టెనే చేసిన పక్కపేట ఉజిహారా 'ముందు చేసింది నేనే' అని ఊరంతా చెప్పుకోవడమే ఆయన్ని తినేసింది. అన్నం దగ్గర ఉజిహారా, స్నానం దగ్గర ఉజిహారా. ముప్పై ఏళ్ళు విని విని నా ప్రాణం విసిగింది.

మొన్న వసంతంలో పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చి, ముందు చేసిందెవరో రాస్తానని ఇద్దరినీ మా బార్‌లోనే కూర్చోబెట్టింది. మా ఆయనకి అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇదే ఆఖరి అవకాశమని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

"మీ మొదటి పెట్టెలు చూపిస్తారా?" అందా పిల్ల.

ఉజిహారా తన పెట్టె మీద గుడ్డ తీశాడు. తళతళలాడుతోంది. మా ఆయన దగ్గరేముంది? తను చేసిచ్చిన పెట్టె ఏ బార్‌లో ఆగినా పాట ఆగకూడదని, ఆ మొదటిదాన్నే విప్పి మోటారొకచోట, మైకొకచోట బిగించేసిన మనిషి.

"విప్పేశానమ్మా" అన్నారు.

ఆ పిల్ల ఉజిహారాకి ఫోటో తీసి, మా ఇద్దరికీ వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఉజిహారా మాత్రం కదల్లేదు. "టొకుజీ, నీ పెట్టె ఇక్కడ చూసి వెళ్ళాకే నేను చేశానయ్యా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ పిల్ల ఉన్నప్పుడు నోరు పడిపోయిందా? ఇంకా స్టేషన్ చేరి ఉండదు. పద, వచ్చి చెప్పు!"

"మనవలందరికీ నేనే అని చెప్పుకున్నానమ్మా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని..."

"వదిలెయ్యవే" అన్నారు మా ఆయన. ఉజిహారా గ్లాసులో బీరు పోశారు. సగం బల్ల మీద పడింది.

అతను వెళ్ళాక కోప్పడతారేమో, కనీసం నవ్వుతారేమో అని చూశాను. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళూ నన్ను కాల్చుకుతిన్న మనిషి, కుర్చీలోంచి లేవలేక చెయ్యి చాచారు.

"మేడ మీదికి తీసుకెళ్ళు. పడుకోవాలి" అన్నారు.